కార్నర్ పక్కన నిలబడ్డవాణ్ణి

కబడ్డీ కోర్టులో ఎడమ మూలన నిలబడేవాణ్ణి కార్నర్ అంటారు. కూతకు వచ్చినవాడి కాలు దొరకబుచ్చుకోవడం అతని పని. అతని పక్కన, అతని చెయ్యి పట్టుకుని ఇంకొకడు నిలబడతాడు. కార్నర్ కాలు మీద పడగానే ఈ పక్కవాడు ముందుకు దూకి, వచ్చినవాడు మధ్యగీత వైపు పోకుండా ఒంటిని అడ్డం పెట్టాలి. పాయింటు కార్నర్ పేరున రాస్తారు. కూతకు వెళ్ళి నలుగురిని ముట్టి వచ్చినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకుంటారు. పక్కవాడి గురించి, వాడు తప్పు చేస్తే తప్ప, ఎవరూ మాట్లాడరు. దుబాయ్‌లో నేను ఉన్నన్నేళ్ళూ నా ఉద్యోగం అదే.

ఉద్యోగం అనే అంటాను, ఎందుకంటే నన్ను రప్పించింది దానికే. వీసాలో మాత్రం హెల్పర్ అని ఉండేది. అల్ కుసైస్‌లో తలుపులూ కిటికీలూ వంటింటి అలమారలూ చేసే ఒక వర్క్‌షాపు ఉండేది. దాని మేనేజరు కాసరగోడు వైపు మనిషి. ఆయనకు కబడ్డీ పిచ్చి. శుక్రవారం వచ్చిందంటే షార్జాలోనో అజ్మాన్‌లోనో ఏదో ఒక మైదానంలో టోర్నమెంటు జరిగేది. మంగళూరు వాళ్ళూ, మలయాళీలూ, తమిళులూ, హర్యానా వాళ్ళూ జట్లు కట్టి వచ్చేవారు. మా మేనేజరుకు తన జట్టులో అందరూ తన కంపెనీ మనుషులే ఉండాలని పట్టుదల. అందుకని ఎక్కడెక్కడి ఆటగాళ్ళనో వెతికి, హెల్పర్లుగా వీసాలు తీసి తెప్పించుకునేవాడు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. కబడ్డీ బాగా ఆడితే రైల్వేలోనో పోలీసులోనో నౌకరీ దొరుకుతుందని మా వైపు కుర్రాళ్ళకు ఒక ఆశ ఉండేది. నేను జిల్లాకు ఆడాను, యూనివర్సిటీకి ఆడాను, రాష్ట్ర జట్టు క్యాంపు దాకా వెళ్ళి చివరి రోజున మూట సర్దుకుని వెనక్కి వచ్చాను. సెలక్షన్లకు వెళితే, కూతకు పోతావా, పట్టు పడతావా అని అడిగేవారు. రెండూ కాదు సార్, పట్టినవాడికి ఆసరాగా ఉంటాను అంటే, మంచిదే అని నవ్వి తర్వాతివాణ్ణి పిలిచేవారు. అట్లా ఒక్కో చోటా ఆశ వదులుకుంటూ ఉండగా మా జిల్లా సీనియర్ ఒకాయన ఈ వీసా సంగతి చెప్పాడు. రెండు వేల రెండులో, ఎండలు కాస్త నెమ్మదించాక, దుబాయ్‌లో దిగాను.

కంపెనీ పనివాళ్ళు ఉండే క్యాంపు గదిలో నాకు పై మంచం దొరికింది. కింది మంచం మీద ఒక మనిషి కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. నాకన్నా చాలా పెద్ద. పొట్టి మనిషి, మెడ లావు, చెవులు రెండూ నలిగి నలిగి ముడుచుకుపోయి ఉన్నాయి. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు ఊరని తర్వాత తెలిసింది. నన్ను ఎగాదిగా చూసి, లేచి నిలబడి కుడి చెయ్యి చాచాడు. నేనూ కుడి చెయ్యే ఇచ్చాను.

“అది కాదు తమ్ముడా, ఎడం సెయ్యి ఇయ్యి. ఇకమీద మనకి పని దాంతోనే,” అన్నాడు.

ఇచ్చాను. ఆ చేతిని అట్లాగే పట్టుకుని మంచాల మధ్య ఉన్న కాస్త జాగాలో నన్ను అటూ ఇటూ నడిపించాడు. నేను ఏ కాలు ముందు వేస్తానో, ఎంత వంగుతానో చూస్తున్నాడని అర్థమైంది. కాసేపటికి వదిలిపెట్టి, సరిపోతాది అని, మళ్ళీ నూనె సీసా అందుకున్నాడు. మా జట్టుకు అతనే కార్నర్.

పొద్దున్నే వర్క్‌షాపులో ప్లైవుడ్ మోసేవాళ్ళం, గరుకు కాగితంతో తలుపులు రుద్దేవాళ్ళం. సాయంత్రం పని దిగాక క్యాంపు వెనక ఇసుక జాగాలో ప్రాక్టీసు. మిగతా పనివాళ్ళు స్నానాలకు లైను కట్టి మమ్మల్ని చూస్తూ ఉండేవారు. ఆటగాళ్ళని మాకేమీ ప్రత్యేకమైన తిండి లేదు, కాకపోతే మేనేజరు అప్పుడప్పుడూ గుడ్లూ పాలూ పంపించేవాడు.

కోర్టులో మా ఇద్దరికీ మాటలతో అవసరం ఉండేది కాదు. అతను నా వేళ్ళను గట్టిగా నొక్కాడంటే కాలు మీదికి దూకబోతున్నాడని. బొటనవేలితో అరచేతిని గీరాడంటే, ఆగు, వాడు ఇంకా దగ్గరికి రానీ అని. వచ్చినవాడి కళ్ళలోకి అతను ఎన్నడూ చూసేవాడు కాదు. పాదాలనే చూసేవాడు. మడమ ఎటు తిరిగితే మనిషి అటు పోతాడు, మొహం అబద్ధం చెప్తాది గానీ మడమ చెప్పదు అనేవాడు. వేళ్ళు నొక్కిన క్షణంలోనే నా చెయ్యి ఖాళీ అయ్యేది. అతను తలను ముందుకు పెట్టి, నేలకు జానెడు ఎత్తున ఎగిరి, చీలమండను వాటేసుకునేవాడు. నేను మీద పడేవాణ్ణి. అతనితో కలిసి ఆడిన ఆ కాలంలోనే నేను కొంచెమైనా ఆటగాణ్ణని నాకు అనిపించింది. ఇంటి దగ్గర ఎవరూ చెప్పని మాట అతను ఒకసారి చెప్పాడు. “నువ్వు ఎనకాల ఉన్నావని తెలిస్తేనే నాను దూకగల్ను,” అన్నాడు. నేను మంచం ఎక్కి, చాలాసేపు ఆ మాటే తలుచుకుంటూ పడుకున్నాను.

తలను ముందుకు పెట్టి దూకేవాడు అన్నానే, ఆ తలకే వచ్చింది చేటు. పట్టుబడ్డవాడు ఊరికే ఉండడు కదా. రెండో కాలితో తంతాడు, మోకాలితో గుద్దుతాడు. కావాలని కాదు, విడిపించుకోవాలని. ఆ దెబ్బలు అతని కణతల మీదా నుదుటి మీదా పడేవి. ఒక్కోసారి లేచి, ఎక్కడున్నాడో తెలియనట్టు చుట్టూ చూసేవాడు. ఎవరో తల మీద నీళ్ళు పోసేవారు. చెవిలో ఇసుక దులుపుకుని, నవ్వి, మళ్ళీ చెయ్యి చాచేవాడు. మేమందరం అది మొండితనం అనుకున్నాం, మెచ్చుకున్నాం. ఆటలో దెబ్బంటే మాకు తెలిసింది కాలు విరగడం, భుజం జారడం. లోపల ఏదైనా చెదురుతుందని ఎవరికి తెలుసు?

మొదట వంటలో కనబడింది. గదిలో వంతుల వారీగా వండుకునేవాళ్ళం. చేపల పులుసు అతని చేతిదే తినాలి అనేవారు పక్క గదుల వాళ్ళు కూడా. ఒకరోజు అది నోట పెట్టలేకపోయాం, అంత ఉప్పు. ఇంకోరోజు అసలు ఉప్పే లేదు. మేం నవ్వితే అతనూ నవ్వాడు. తర్వాత కోపం రావడం మొదలైంది. అంతకుముందు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, తన తువ్వాలు ఎవరో తీశారని గదంతా ఏకం చేశాడు. తువ్వాలు అతని మెడలోనే ఉంది. లైటు వేస్తే కళ్ళు మూసుకునేవాడు. తలనొప్పికి మాత్రలు చాక్లెట్లలా మింగేవాడు.

ఒక మ్యాచిలో సగం ఆట అయ్యాక కోర్టులు మారాలి కదా, అతను మారకుండా పాత వైపే పోయి మూలన నిలబడ్డాడు. అవతలి జట్టువాళ్ళు వచ్చి చుట్టూ నిలబడినా కదల్లేదు. జనం వేళాకోళం అనుకుని ఈలలు వేశారు. నేను పోయి చెయ్యి పట్టుకుని, “అన్నా, మనం గటు దిక్కు పోవాలె,” అని తీసుకువచ్చాను. వస్తూ వస్తూ, మనం గెలుస్తన్నామా అని మెల్లగా అడిగాడు. అవును అన్నాను.

అప్పటినుంచి సైగలు తిరగబడ్డాయి. అతని వేళ్ళు నా చేతిలో ఊరికే ఉండేవి. సమయం చూసి నేనే నొక్కేవాణ్ణి. నొక్కగానే ఒళ్ళు తనంతట తానే దూకేది. ఆ దూకుడు మాత్రం ఎక్కడికీ పోలేదు, ముందున్నట్టే ఉంది. ఎప్పుడు దూకాలో తెలిసే తెలివే పోయింది. అట్లా ఒక చలికాలమంతా ఆడాం. షార్జాలో ఒక పెద్ద టోర్నమెంటు గెలిచాం కూడా. మా జట్టులో కూతకు వెళ్ళేవాడు హర్యానా కుర్రవాడు. పొడుగ్గా, గాలిలో తేలుతున్నట్టు ఆడేవాడు. వాణ్ణి ఎత్తుకుని మైదానమంతా తిరిగారు. మేమిద్దరం గీత దగ్గర కూర్చుని మోకాళ్ళ పట్టీలు విప్పుకున్నాం. బస్సులో నా భుజం మీద తల వాల్చి, ఎవుల మీద గెలిసినాం అని అడిగాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవద్దని అతనే బతిమాలాడు. చెబితే జట్టులోంచి తీస్తారు, జట్టులోంచి తీస్తే వీసా ఉండదు. ఇంటి దగ్గర భార్య, ఒక కూతురు. కానీ అది దాగే సంగతి కాదు. అజ్మాన్‌లో సెమీఫైనల్ జరుగుతోంది. మా హర్యానావాడు కూతకు వెళ్ళి, ఇద్దరిని ముట్టి, మధ్యగీత దాటి మా వైపు వచ్చి పడ్డాడు. ఊపిరి పీల్చుకుంటూ మా దగ్గరికి నడిచి వస్తున్నాడు. నా చేతిలోంచి చెయ్యి విడిపోయింది. నేను నొక్కలేదు. అతను ఎగిరి సొంత మనిషి చీలమండనే వాటేసుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. మైదానమంతా ఒక్కసారిగా నవ్వు. హర్యానావాడు విడిపించుకోవాలని చూస్తున్నాడు, అతను వదలడం లేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని అతని చెవి దగ్గర చెప్పాను.

“అన్నా, ఇడువు. గాయిన మనోడే.”

వదిలాడు. హర్యానావాడు తిట్టడానికే నోరు తెరిచాడు. కానీ అతని కళ్ళలోకి చూసి ఆగిపోయాడు. దుమ్ము కూడా దులుపుకోకుండా, చంక కింద చెయ్యి వేసి లేపి, గీత అవతలికి తీసుకువెళ్ళి కూర్చోబెట్టాడు. ఆ మ్యాచి ఓడిపోయాం.

మర్నాడు మేనేజరే చెప్పి క్లినిక్కుకు పంపించాడు. అక్కడ డాక్టరమ్మ హైదరాబాదు ఆవిడ. తెలుగు మాట వినగానే అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది, తన ఊరి గురించీ సముద్రం గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఓపికగా విన్నది. వేలు చూపి కళ్ళు తిప్పమంది, గీత మీద నడవమంది. కొన్ని వస్తువుల పేర్లు చెప్పి, కాసేపయ్యాక అవేమిటో చెప్పమంది. ఒక్కటీ చెప్పలేకపోయాడు. స్కానింగు తీయించి చూసి, పెద్దగా కనబడేది ఏమీ లేదు గానీ మనిషి బాగా లేడు అంది. ఎన్నిసార్లు తలకు తగిలిందని అడిగింది. దానికి లెక్క ఎక్కడుంది? ఇక మీద ఒక్క దెబ్బ కూడా తగలకూడదు, ఆట అనే మాటే మరిచిపోవాలి అని నాతో గట్టిగా చెప్పింది. బాగవుతుందా అని అడిగాను. ఇంకా పాడవకుండా చూడండి అంది.

బయటికి వచ్చి గోడ నీడన నిలబడ్డాం. ఆ రోజు అతనికి తెలివి బాగానే ఉంది. అంతా అర్థమైంది.

“ఆట మానీసినాక నన్ను ఎవుడుంచుతాడు తమ్ముడా ఇక్కడ?” అన్నాడు.

ఆ సాయంత్రమే నేనూ హర్యానావాడూ కలిసి మేనేజరు గదికి వెళ్ళాం. ఆట వద్దు, వర్క్‌షాపులోనే ఏదో ఒక తేలిక పని ఇచ్చి ఉంచమని అడిగాం. మేనేజరు చెడ్డవాడు కాదు. సరే అని, స్టోరులో పెట్టాడు. మేకులూ బందులూ తాళాలూ అడిగినవాళ్ళకు ఇచ్చే పని. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత బందులు అడిగితే తాళాలు ఇవ్వడం, తాళాలు అడిగితే వాళ్ళ మొహం చూస్తూ నిలబడిపోవడం మొదలైంది. పనివాళ్ళు మొదట సర్దుకున్నారు, ఆ తర్వాత విసుక్కున్నారు. ప్రాక్టీసు వేళకు మాత్రం పట్టీలు కట్టుకుని ఇసుక దగ్గరికి వచ్చేవాడు. వద్దులే అన్నా అని నేనంటే, సూస్తానంతే అని గీత పక్కన కూర్చునేవాడు. అతని చోట కొత్తగా ఒక తమిళ కుర్రవాణ్ణి తెచ్చారు. వాడి చెయ్యి పట్టుకుని నిలబడి నేను అవతలి వైపు చూసేవాణ్ణే గానీ, గీత పక్కకు చూసేవాణ్ణి కాదు.

ఒక శుక్రవారం పొద్దున అతను కనబడలేదు. మసీదుకు వెళ్ళే జనంలో, చాయ్ దుకాణాల్లో, పక్క క్యాంపుల్లో అంతటా వెతికాం. మధ్యాహ్నం దాటాక మేనేజరుకు డేరాలోని నైఫ్ బజారు నుంచి ఫోను వచ్చింది. ఫోను చేసింది అక్కడ సూట్‌కేసులూ దుప్పట్లూ అమ్మే ఒక పఠాన్. అతని జేబులో ఉన్న కార్డు మీద కంపెనీ నంబరు చూసి చేశాడట. నేను డేరా బస్సెక్కి పోయాను.

దుకాణం ముందు అట్టపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పఠాన్ ఇచ్చిన రొట్టె సగం తిని, సగం కాగితంలో చుట్టి పట్టుకున్నాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడని, ఎక్కడికి పోవాలని అడిగితే బస్సు వస్తుంది అంటున్నాడని పఠాన్ హిందీలో చెప్పాడు. ఆ గల్లీలోకి బస్సు రాదు. పక్కన ఒక సంచీలో చిన్నపిల్లలు వేసుకునే గులాబీ రంగు గౌను ఉంది. అతను దుబాయ్ వచ్చేనాటికి కూతురు ఆ గౌను పట్టేంత పిల్ల. ఇప్పటికి పెద్ద క్లాసుకు వచ్చేసింది.

నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. సిగ్గుపడ్డాడు.

“నానేటీ తప్పిపోనేదు తమ్ముడా. బస్సే రానేదు.”

“అవునన్నా. ఇయ్యాల బస్సులు తక్కువున్నయ్. నడు, పోదాం,” అన్నాను.

కుడి చెయ్యి చాచాడు. నా ఎడమ చేత్తో పట్టుకున్నాను. నైఫ్ గల్లీల్లో శుక్రవారం సాయంత్రం జనం ఎట్లా ఉంటారో చూసినవాళ్ళకు తెలుసు. ఆ తోపులాటలో ఎదురుగా ఎవరు వేగంగా వచ్చినా అతని ఒళ్ళు కొంచెం వంగేది, కళ్ళు వాళ్ళ పాదాల మీదికి పోయేవి. నేను వేళ్ళు కదపకుండా, కదిపితే ఏమవుతుందో అని భయపడుతూ, బస్టాండు దాకా నడిపించుకుని వచ్చాను. బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. అతను మిగిలిన రొట్టె ముక్క నా చేతిలో పెట్టాడు.

దాని తర్వాత ఇంటికి పంపడం తప్ప దారి లేదని అందరికీ తెలిసిపోయింది. అతని భార్యకు నేనే ఫోన్ చేశాను. అంతకుముందు ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. వదినా అని పిలిచి, ఎట్లా చెప్పాలో తెలియక, అన్నకు ఒంట్లో బాగాలేదు అన్నాను. కాలా, సెయ్యా అని అడిగింది. తల అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. వచ్చాక చూస్తారులే వదినా అని పెట్టేశాను.

మేనేజరు తన కారులోనే విమానాశ్రయానికి తీసుకువచ్చాడు. విశాఖపట్నం పోయేవాళ్ళు ఒకరిద్దరు దొరికితే వాళ్ళకు అప్పజెప్పాం. ఆ రోజు దేవుడు ఎందుకో అతనికి పూర్తి తెలివి ఇచ్చాడు. మమ్మల్ని అందరినీ గుర్తుపట్టి మాట్లాడాడు. మేనేజరుకు దండం పెట్టాడు. లోపలికి పోయేముందు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

“నాను ఎల్లిపోనాక ఆ మూలకి ఎవుడొచ్చినా, తల ముందరెట్టి దూకనివ్వకు. భుజం ఎట్టమను. పాయింటు పోతే పోయింది.”

అంతే. నేను ఏదో అనేలోపే లోపలికి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నా ఆట సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. ఏడాది తిరగకుండానే మేనేజరు ఉద్యోగం మారి ఖతర్ వెళ్ళిపోయాడు. ఆయన చోట వచ్చిన కొత్త ముదీర్‌కు కబడ్డీ అంటే ఏమిటో తెలియదు. హెల్పర్లు పని చేయాలి గానీ ఆటలేమిటి అన్నాడు. జట్టు ఖలాస్. హర్యానావాణ్ణి ఎవరో ఎగరేసుకుపోయారు. కూతకు వెళ్ళేవాళ్ళకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. నాలాంటివాణ్ణి అడిగేవాళ్ళు తక్కువ, అయినా ఎవరో ఒకరు అడుగుతూనే వచ్చారు. అజ్మాన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ జట్టుకు ఆడాను. అక్కడినుంచి అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో ఇనుప షెడ్లు కట్టే కంపెనీకి పోయాను. చివరికి అల్ వర్సాన్‌లో ఒక గోడౌన్ వాళ్ళ జట్టు. జట్టు మారినప్పుడల్లా వీసా ఇచ్చిన పాత కఫీల్‌ను బతిమాలి సంతకం తెచ్చుకోవడం, పరుపు చుట్టుకుని కొత్త గదికి పోవడం, కొత్త హిందీ, కొత్త వంట. పని పేరు క్లీనర్ అయ్యేది, లోడర్ అయ్యేది. కోర్టులో మాత్రం అదే చోటు.

ఎంతమంది కార్నర్ల చేతులు పట్టుకున్నానో. ఒకడి చెయ్యి చెమటతో జారిపోయేది. ఒకడు నన్ను నమ్మక, నేను కదిలేలోపే ఒంటరిగా దూకేవాడు. అందరికీ అతను చెప్పిన మాట చెప్పాను, తల కాదు, భుజం పెట్టు అని. కొందరు విన్నారు. కొందరు, ఈ ముసలోడికి పిరికితనం అన్నారు. అప్పటికి నాకు ముప్ఫై దాటి ఎక్కువ కాలేదు, కానీ కబడ్డీలో అది ముసలితనమే.

ముసఫ్ఫాలో ఉండగా ఒకడు నా మోకాలి మీద పక్కనుంచి పడ్డాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. కట్టు కట్టించుకుని, నైఫ్‌లో కొన్న పట్టీ బిగించుకుని, మళ్ళీ ఆడాను గానీ ఆ కాలు నా మాట వినడం మానేసింది. అల్ వర్సాన్ జట్టులో ఎక్కువగా గీత పక్కనే కూర్చోబెట్టేవారు. అప్పటికి ఇసుక పోయి పెద్ద టోర్నమెంట్లలో మెత్తటి మ్యాట్లు వచ్చాయి. బూట్లు వేసుకుని ఆడే కుర్రాళ్ళు వచ్చారు. ఒక ఫైనల్‌లో, ఎట్లాగూ ఓడిపోతున్నాం కదా అని, చివర్లో నన్ను దింపారు. కార్నర్ కాలు పట్టాడు. నేను అడ్డం వెళ్ళాను. కూతకు వచ్చినవాడు నన్ను దాటుకుని, గేటు తెరుచుకుని పోయినట్టు పోయాడు. అదే నా చివరి మ్యాచి అని ఎవరూ చెప్పలేదు. తర్వాతి శుక్రవారం బస్సులో నాకు చోటు లేదన్నారు, దాని తర్వాతి శుక్రవారం నేనే అడగలేదు. గోడౌన్‌లో లారీలు వెనక్కి వచ్చేటప్పుడు దారి చూపించే పనిలో ఉండి, వీసా అయిపోగానే రెండు వేల ఎనిమిదిలో ఇంటికి వచ్చేశాను.

అన్నేళ్ళూ అతనికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మొదట్లో మాట్లాడేవాడు. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి తీసేవాడు అంతే. ఆ తర్వాత అతని భార్యే మాట్లాడేది. ఇంటికి వచ్చిన నెలలోనే రైలెక్కి శ్రీకాకుళం వెళ్ళాను.

వాళ్ళ ఇల్లు సముద్రానికి దగ్గర, గాలికి ఇసుక గుమ్మం దాకా వస్తుంది. ఆమె ఊరి బడిలో పిల్లలకు అన్నం వండుతుంది. కూతురు టౌనులో చదువుకుంటోంది. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు వచ్చింది, జుట్టు నెరిసింది, మొహంలో కోపం పూర్తిగా పోయింది. నేను వంగి కాళ్ళకు దండం పెడితే ఆశీర్వదించినట్టు తల మీద చెయ్యి వేశాడు. నన్ను ఎవరనుకున్నాడో తెలియదు. మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని చేపల పులుసుతో తిన్నాం. ముళ్ళు ఆమె తీసి పెట్టింది.

తిన్నాక ఆమె గిన్నెలు పక్కకు జరిపి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అడిగింది.

“బాబూ, ఒక మాట సెప్పు. మాయన బాగా ఆడీవోడా? నాను ఒక్కపాలి కూడా సూడనేదు.”

ఆ మాట నన్ను అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. చెప్పాను. మొదటి రోజు మంచాల మధ్య నన్ను నడిపించిన దగ్గరినుంచి మొదలుపెట్టాను. నేలకు జానెడు ఎత్తున ఎట్లా ఎగిరేవాడో, పట్టిన కాలు విడిపించుకోలేక ఎంతటివాళ్ళు చేతులెత్తేశారో, షార్జాలో ఎట్లా గెలిచామో చెప్పాను. లేచి నిలబడి, దెబ్బతిన్న కాలు ఈడ్చుకుంటూ, చూపించాను కూడా. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింటోంది. అతను కూడా వింటున్నాడు, కథ వింటున్న మనిషిలా, తల ఊపుతూ. ముట్టుకోవడానికి వచ్చి పట్టుబడ్డవాడి సంగతి చెబితే నవ్వాడు.

“బాగా ఆడీవోడే ఆడు,” అన్నాడు అతను. “ఇప్పుడెక్కడున్నాడు?”

ఆమె లేచి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

“ఇక్కడ్నే ఉన్నడన్నా,” అన్నాను.

అతను వాకిలి వైపు చూశాడు. “అయితే రమ్మను. అన్నం తినీసి ఎల్తాడు,” అన్నాడు.

సాయంత్రం బస్సుకు నేను బయల్దేరితే అతనూ చెప్పులు వేసుకుని వెంట వచ్చాడు. వద్దన్నా వినలేదు. ఆమె కొంచెం వెనకగా నడిచి వచ్చింది. నేను పోయాక అతనికి ఇంటి దారి తెలియదు, తీసుకుపోయేవాళ్ళు కావాలి. దారిలో అతను సరుగుడు తోటల గురించీ, ఆ ఏడు పడని వానల గురించీ ఏదేదో చెప్పాడు. కొన్ని మాటలు కుదిరాయి, కొన్ని కుదరలేదు. బస్సు వచ్చాక నాకన్నా ముందు వెళ్ళి కండక్టరుతో, ఈ అబ్బి దూరం ఎల్లాల, సీటు సూసి కూకోబెట్టు అన్నాడు. కండక్టరు సరే అన్నాడు. కిటికీలోంచి చూస్తే వాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి నడుస్తున్నారు. ఆమె ఏదో అడుగుతోంది, అతను ఆలోచించి జవాబు చెబుతున్నాడు.